తీగ మీద తెల్ల తువ్వాలు

తువ్వాలుకి అద్దం కట్టించాలని, కొలతలు తీసుకోవడానికి మందుల షాపాయన టేపు పట్టుకుని వచ్చేసరికి తాత గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్ర కాదు. నానమ్మ పోయిన దగ్గర్నుంచి తాతకి అదొక ఉద్యోగం. పొద్దున్నే డ్యూటీ ఎక్కినట్టు గోడ వైపు తిరిగేవాడు, పొద్దుపోయాక దిగినట్టు ఇటు తిరిగేవాడు. జీతం లేదు గానీ సెలవు కూడా పెట్టేవాడు కాదు.

మందుల షాపాయన వీధి సంఘానికి అధ్యక్షుడు. ఎవరు పుట్టినా సభ పెడతాడు, ఎవరు పోయినా సభ పెడతాడు. చేతికి మైకు తగిలితే చాలు, మనిషికి పది మాత్రలు మింగినంత ఓపిక వస్తుంది.

"బాబాయ్, ఆ తువ్వాలు ఒక్కసారి ఇస్తారా? అడ్డం, నిలువు చూసుకుంటాను. ఆదివారం సభకి ఫ్రేము సిద్ధం కావాలి."

"ఏ తువ్వాలు?" తాత గోడనే అడిగాడు.

"అదే బాబాయ్, పిన్ని ఆఖరి పొద్దున ఆరేసింది. ప్రాణం పోతున్నా వీధిలో వాళ్ళు కంగారు పడతారని తువ్వాలు తీగ మీద వేసి మరీ పడిపోయిందంటే మాటలా! హాల్లో పెడదాం. పిల్లలకి తెలియాలి."

ఆ మాట విన్నప్పుడల్లా తాత గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగేవాడు. ఎందుకంటే ఆ పొద్దున తువ్వాలు ఆరేసింది నానమ్మ కాదు. తాత.

ఆ సంగతి ఆదివారంలోగా చెప్పాలి. చెప్పకపోతే ఆ అబద్ధం అద్దం వెనక చేరి, మేకు మీద కూర్చుని, తాత పోయాక కూడా ఉంటుంది.

అసలు ఈ తువ్వాలు గొడవేమిటో తెలియాలంటే నానమ్మ సంగతి తెలియాలి.

నానమ్మ ఆసుపత్రి లాండ్రీలో పని చేసేది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి, ఆవిరి మీద ఆరబెట్టి, మడతలు పెట్టి, తోపుడు బండి నిండా పేర్చి వార్డులకి చేర్చడం ఆవిడ పని. అదే ఆసుపత్రిలో తాత లిఫ్టు మెకానిక్. ఒకరోజు బండితో సహా నానమ్మ రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. తాత పైన మోటారు గదిలోంచి కిందికి అరిచాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేకపోతే దుప్పట్లే వాటంతటవి లిఫ్టెక్కాయా?"

చక్రం చేత్తో తిప్పి లిఫ్టు దించడానికి మామూలుగా పట్టే టైము కన్నా ఆ రోజు చాలా ఎక్కువ పట్టింది. ఎందుకని అడిగితే తాత ముసలాడయ్యాక కూడా గ్రీజు గట్టిపడిందనే చెప్పేవాడు. నానమ్మ ఒప్పుకునేది కాదు. "గ్రీజు కాదు పాడు కాదు. మధ్య మధ్యలో 'ఉన్నావా' అని అడగడం, నేను 'ఉన్నాను, ఎక్కడికి పోతాను' అనడం. దించేస్తే ఇంక అడగడానికి ఏముంటుందని దించలేదు ఈ మనిషి" అనేది. పెళ్ళయ్యాక కూడా తాత ఇంటికి వచ్చి గడప దాటకుండానే "ఉన్నావా?" అనేవాడు. వంటింట్లోంచి జవాబు వచ్చేది: "ఉన్నాను, ఎక్కడికి పోతాను?" ఆ తర్వాతే చెప్పులు విడిచేవాడు.

ఇద్దరూ రిటైరయ్యాక ఒక ఎండాకాలం, వెనక వీధిలో ఒంటరిగా ఉండే ఇస్త్రీ ఆయన గదిలోనే పోయాడు. కొన్ని రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. చివరికి, ఇచ్చిన చొక్కాలు రాలేదేమని ఎవరో వెళ్ళి తలుపు తోస్తే తెలిసింది. ఆ పూట నానమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

"సగం వీధి బట్టలు ఆయన దగ్గరున్నాయి. బట్టల కోసం వెళ్ళారు గానీ మనిషి కోసం ఒక్కరూ వెళ్ళలేదు. అందులో నా చీర కూడా ఉంది" అంది.

మర్నాడే పథకం వేసింది. ఒంటరిగా ఉండే వాళ్ళందరికీ తలో ఎర్రగుడ్డ ఇస్తుందట. ఆపద వస్తే కిటికీకి కట్టాలట. తాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పడిపోయినవాడు లేచి ఎర్రగుడ్డ కడతాడా? లేవగలిగితే ఇంక నీతో పనేముంది?"

"అయితే నువ్వు చెప్పు, ఇంజనీరు గారూ."

తాత నిజంగానే చెప్పాడు. బతుకంతా తెలిసిన ఒకే ఒక్క విద్య అది. "లిఫ్టు బ్రేకు ఎలా పని చేస్తుందనుకున్నావ్? కరెంటు ఉన్నంతసేపే అది వదులుగా ఉంటుంది. కరెంటు పోయిందా, దానంతటదే బిగుసుకుంటుంది. ఆపద వచ్చినప్పుడు ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేకుండా ఉండాలి. బాగున్నవాడే రోజూ ఏదో ఒకటి చెయ్యాలి. చెయ్యలేదంటే బాగాలేడని లెక్క."

అలా పుట్టింది తువ్వాలు. ఆసుపత్రిలో చిరిగి పక్కన పడేసిన తెల్ల తువ్వాళ్ళు నానమ్మ అడిగి తెచ్చింది. ఎదురింటి మేడ మీద బట్టలు కుట్టే కత్తెరమ్మ వాటికి అంచులు కుట్టి పెట్టింది. పొద్దున లేవగానే తువ్వాలు వీధి వైపు తీగ మీద వెయ్యాలి. చీకటి పడేలోపు తియ్యాలి. అంతే. నానమ్మ టీ తాగి, తల పైకెత్తుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తుంది. తీగ ఖాళీగా కనబడితే మెట్లెక్కి తలుపు కొడుతుంది. అప్పుడప్పుడు తల పైకెత్తుకుని నడవడం వల్ల చెత్తబుట్టకి గుద్దుకునేది, సైకిళ్ళకి అడ్డం పడేది. "ఆకాశంలో ఏం పోగొట్టుకున్నావు పెద్దమ్మా" అని కూరగాయల వాళ్ళు ఏడిపించేవాళ్ళు. వీధిలో ఆవిడ పేరే తువ్వాళ్ళమ్మ అయిపోయింది.

ఆ తువ్వాళ్ళ వల్ల బతికినవాళ్ళున్నారు. ఒకప్పుడు సినిమా హాల్లో టికెట్లు చింపిన ముసలమ్మ ఒకావిడ మంచానికీ గోడకీ మధ్య పడి ఇరుక్కుపోతే, తీగ ఖాళీగా ఉందని నానమ్మ తలుపు పగలగొట్టించింది. ఆవిడ లేచి తిరుగుతూ, బతికినన్నాళ్ళూ "నా తలుపు పాడు చేసింది" అని నానమ్మని ఆడిపోసుకుంటూనే ఉంది. నానమ్మకి అది వినడం ఇష్టం. "తిడుతోందంటే ఊపిరుందన్నమాటే కదా" అనేది.

నానమ్మకి కొరుకుడుపడని మనిషి ఒక్కడే, బూర బావ. పెళ్ళి బ్యాండులో బూర ఊది ఊది ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి. నానమ్మని చెల్లెమ్మా అనేవాడు కాబట్టి తాతకి బావ అయ్యాడు. వీధి మలుపులో పై అంతస్తు. అతను తువ్వాలు ఒకసారి ఆరేశాడంటే ఇంక తియ్యడు. రాత్రీ పగలూ, ఎండకీ వానకీ అదే తీగ మీద అదే తువ్వాలు. తెల్లది కాస్తా బొగ్గు సంచిలా తయారైంది. దాన్ని చూసి మనిషి ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది? అందుకని నానమ్మ రోజూ ఆ మెట్లన్నీ తిట్టుకుంటూ ఎక్కాల్సిందే.

"అన్నయ్యా, ఉన్నావా?"

"లేను. రేపు రా."

"ఆ తువ్వాలు తియ్యడానికి చేతులు పడిపోయాయా?"

"మర్చిపోయాను చెల్లెమ్మా. రేపట్నుంచి తీస్తాను."

ఆ రేపు ఎప్పటికీ రాలేదు. ఇంటికొచ్చి నానమ్మ తాత మీద పడేది: "మీ బావ సోమరిపోతు నీ బ్రేకునే చెడగొట్టాడు." తాత గర్వంగా నవ్వేవాడు. తన బ్రేకు సంగతి ఇంట్లో ఒకరు తలుచుకున్నందుకు.

మరి నానమ్మ తువ్వాలు? అది కూడా ఉండాలి కదా. పదిమందికీ చెప్పి తను వెయ్యకపోతే బాగుండదని నానమ్మ అందరికన్నా ముందు ఆరేసేది. ఆ తీగ మీద కన్నేసి ఉంచే పని ఎదురింటి కత్తెరమ్మది.

పోయిన ఏడాది నానమ్మకి భుజం పట్టేసింది. చెయ్యి తీగ దాకా లేవడం లేదు. కుర్చీ ఎక్కి వేయబోతుంటే తాత చూసి కేకలేశాడు. "దిగు ముందు! పడ్డావంటే నీ తలుపు ఎవరు కొడతారు?" అని తువ్వాలు లాక్కుని తనే వేశాడు. ఆ రోజు నుంచి ఆ పని తాతది. ప్రేమగానే చేశాడు. పళ్ళు తోముకోవడం, తువ్వాలు వేయడం, పేపరు అందుకోవడం. ఇంట్లో ఇద్దరు మనుషులు, తీగ మీద ఒకటే తువ్వాలు. బాగున్నవాడు వేసే తువ్వాలు బాగాలేని వాళ్ళని దాచేస్తుందన్న ఆలోచన, బ్రేకుల మధ్య బతుకంతా గడిపిన మనిషికి ఒక్కసారి కూడా రాలేదు.

ఆ పొద్దున తాత లేచేసరికి పక్కన నానమ్మ లేదు. స్నానాల గది తలుపు మూసి ఉంది, లోపల కుళాయి నీళ్ళ చప్పుడు. తాతకి పండగైంది. షుగరు వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో చప్పిడి టీ. పాత మెకానిక్కులందరూ కూర్చునే షెడ్డు దగ్గర మాత్రం మీగడ తేలేలా, గ్లాసు అడుగున పంచదార మిగిలేలా టీ పోస్తారు. నానమ్మ బయటికి వచ్చిందంటే ఎక్కడికి, ఎందుకు, టీ తాగనని ఒట్టెయ్యి అంటుంది. అందుకని ఆ పూట "ఉన్నావా" అనలేదు. తువ్వాలు తీగ మీద వేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద దొంగలా మెట్లు దిగాడు.

టీ రెండు గ్లాసులు తాగాడు. పాత కబుర్లు చెప్పుకుని, ఎండ నెత్తి మీదకి వచ్చాక తిరిగొచ్చాడు. ఎదురింటి కిటికీలోంచి కత్తెరమ్మ తల బయటికి పెట్టింది.

"అన్నయ్యా, వదిన ఇవాళ ఇంకా బయల్దేరలేదేం? అడుగుదామనుకున్నా. తువ్వాలు ఉంది కదా, ఏదో పనిలో ఉందిలే అని ఊరుకున్నా."

తాత తలెత్తి చూశాడు. తువ్వాలు ఆరిపోయి గాలికి ఊగుతోంది. గడప దాటకుండానే "ఉన్నావా?" అన్నాడు. లోపల కుళాయి ఇంకా పోతూనే ఉంది. స్నానాల గది తలుపు కింద నుంచి నీళ్ళు వరండా దాకా వచ్చాయి.

తీసుకెళ్ళింది వాళ్ళ ఆసుపత్రికే. నానమ్మని పైకి తీసుకెళ్ళిన లిఫ్టు తాత చేతుల మీద నడిచిన లిఫ్టే. ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది. డాక్టరు చాలాసేపు చూసి, "ఇంకాస్త ముందు తెచ్చుంటే" అని తాత మొహం చూసి ఆపేశాడు. ఆపేసిన ఆ మాటే తాత చెవిలో ఇల్లు కట్టుకుంది.

ఇంక వీధి కథ అల్లేసింది. తువ్వాళ్ళమ్మ ఆఖరి నిమిషంలో కూడా తువ్వాలు వేసి మరీ పోయింది! టీ కొట్టు దగ్గర అదే మాట, మందుల షాపులో అదే మాట. పంచదార టీ సంగతి కథలో ఎక్కడా లేదు.

ఫ్రేము కొలతలకి వచ్చిన రోజు, తీగ మీది తువ్వాలు తెచ్చుకుని మందుల షాపాయన టేపు లాగుతుంటే తాత గోడ వదిలి ఇటు తిరిగాడు. లేచి కూర్చున్నాడు. 

"అది వేసింది తను కాదు. నేను. తను లోపల పడి ఉంటే నేను తువ్వాలు వేసి టీకి పోయాను."

టేపు చప్పుడు చేస్తూ డబ్బాలోకి దూరిపోయింది. మందుల షాపాయన వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబాయ్, మీరు బాధలో ఉన్నారు. ఇలాంటప్పుడు మనిషికి ఏవేవో అనిపిస్తాయి. నిద్రకి మాత్ర పంపిస్తాను, వేసుకోండి."

"అనిపించడం కాదురా అబ్బాయ్. ఈ చేతులతో వేశాను."

"ఎవరు వేస్తే ఏముంది బాబాయ్? అలవాటు చేసింది పిన్నే కదా. పైగా పాంప్లెట్లు కూడా అచ్చయిపోయాయి." కొలత రెండోసారి తీసుకుని, తువ్వాలు మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తాత ఎదురింటి మేడ ఎక్కాడు. కత్తెరమ్మకైనా చెబుదామని. ఆవిడ మిషను ఆపింది. పూర్తిగా వినకుండానే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దన్నయ్యా, నాకు చెప్పకు. తువ్వాలు తనే వేసింది. వేసినప్పుడు బాగానే ఉంది, ఆ తర్వాత పడింది, చూస్తుండగానే పోయింది. అలా అనుకునే నేను కాస్త కన్ను మూస్తున్నా. నువ్వు వేశావంటే, నేనీ కిటికీ దగ్గర కూర్చుని ఆ తువ్వాలే చూస్తూ కాజాలు కుట్టినంతసేపూ తను నేల మీద ఉన్నట్టే కదా? చెప్పకన్నయ్యా. నీకు దణ్ణం పెడతా."

తాత తల ఊపాడు. దిగి వచ్చాడు. ఆ మెట్ల మీదే, నిజం చెప్పుకోవడానికి కూడా తనకి హక్కు లేదని అర్థమైంది.

ఇంటి ముందు తీగ ఇప్పుడు ఖాళీ. ఖాళీగా ఉంటే పొద్దున్నే కత్తెరమ్మ వచ్చి తలుపు కొడుతుంది. ఆ మొహం మళ్ళీ చూడలేక, బీరువాలోంచి ఇంకో తువ్వాలు తీసి తీగ మీద వేసి వదిలేశాడు. రాత్రీ పగలూ అది అక్కడే. ఎవరూ రాలేదు. కూతురు మాత్రం సాయంత్రం క్యారేజీ తెచ్చి, పొద్దున తెచ్చింది అలాగే ఉంటే చూసి, ఏడ్చి, గిన్నెలు కడుక్కుని వెళ్ళేది. వీధిలో మిగిలినవాళ్ళు అలవాటు కొద్దీ తువ్వాళ్ళు వేస్తూనే ఉన్నారు. తల పైకెత్తి నడిచే మనిషే లేదు.

ఆదివారం సభ మొదలైంది. తాత రానన్నాడు. పిలవడానికి వచ్చినవాళ్ళు "పాపం, తట్టుకోలేడు" అనుకుంటూ వెళ్ళారు. గోడ వైపు తిరిగాడు గానీ గోడలోంచి కూడా సభ వినిపిస్తోంది. మందుల షాపాయన మైకు మూడు వీధులకి సరిపోతుంది. "ఆ మహాతల్లి, వణుకుతున్న చేతులతో" అని మొదలుపెట్టాడు. తాత చెప్పులు వేసుకుని గొంతు వినపడని వైపుకి బయల్దేరాడు. వీధి మలుపు దాకా వెళ్ళినా ఆ గొంతు వెంటే వచ్చింది. తల ఎందుకు పైకెత్తాడో తెలియదు. ఎత్తేసరికి బూర బావ నల్ల తువ్వాలు కనబడింది.

ఎండలో నిలబడిపోయాడు. నానమ్మ పోయాక ఈ తలుపు ఎవరు కొట్టారు? ఎవరూ కొట్టలేదు. తువ్వాలు ఉంది కదా.

మెట్లెక్కాడు.  తలుపు కొట్టాడు. చప్పుడు లేదు. ఇంకోసారి కొట్టాడు. లోపల నీళ్ళ చప్పుడేమైనా ఉందా అని తలుపుకి చెవి ఆనించాడు. ఏమీ లేదు.  ఇంట్లో నానమ్మ జవాబు రాని రోజు నుంచి నోట్లోకి రానివ్వని మాట, ఇప్పుడు అడక్కుండానే వచ్చేసింది.

"ఉన్నావా?"

చాలాసేపటికి దగ్గు. ఆ దగ్గు వెనక మాట.

"లేను. రేపు రా."

తలుపు తెరుచుకుంది. బూర బావ బనీను ఎముకల మీద ఆరేసినట్టుంది. గోడకి బూర వేలాడుతోంది, దాని నోట్లో బూజు. తాత కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ తువ్వాలు తియ్యవేం బావా? చస్తే ఎవరికి తెలుస్తుంది?"

"తీస్తే మీ ఆవిడ వచ్చేది కాదు." బూర బావ మంచం మీద కూర్చున్నాడు. "అందరూ బుద్ధిగా వేసి తీసేవాళ్ళు. వాళ్ళ వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయేది. నాది నమ్మడానికి లేదు కాబట్టి రోజూ మెట్లెక్కి తలుపు కొట్టేది. తిట్టేది. ఆ తిట్టే నాకు ఆ రోజంతటికీ తోడు. సోమరితనం అనుకుంది పిచ్చిది."

తాత నేల వైపు చూశాడు. తను అంత తెలివిగా కనిపెట్టిన బ్రేకు ఎవరి తలుపూ కొట్టే పని లేకుండా చేయడానికే. అది బాగా పని చేసింది. నానమ్మ పడిపోయిన రోజు ఎవరూ తన ఇంటి తలుపు కొట్టలేదు.

"బావా, ఆ పొద్దున వేసింది నేను" అన్నాడు. కుళాయి, చెప్పులు, టీ, అన్నీ చెప్పాడు. బూర బావ భుజం మీద చెయ్యి వెయ్యలేదు. వద్దని అడ్డం పెట్టలేదు. మొత్తం విన్నాడు.

"ఒకసారి పిలవాల్సింది బావా" అన్నాడు చివరికి.

"అవును."

"తలుపు కొట్టాల్సింది."

"అవును."

"టీ తియ్యగా ఉందా?"

"చాలా."

 దూరంగా మైకులో చప్పట్లు వినిపించాయి. ఫ్రేము మేకుకి తగిలించి ఉంటారు. తాత ఏడ్చాడు. నానమ్మ పోయాక అదే మొదలు. బూర బావ చూస్తూ కూర్చున్నాడు. అతనికి ఓదార్చేంత ఊపిరి కూడా లేదు.

తాత లేచి వస్తుంటే బూర బావ గుమ్మం దగ్గర అడిగాడు. "రేపు వస్తావా?"

"నేను తనలా రాలేను బావా."

"నువ్వు తను కాదులే. తను మెట్ల మీద ఉండగానే తిట్లు వినపడేవి."

తాత మెట్లు దిగాడు. ఇంటికి వెళ్ళి, చీకటి పడకముందే తీగ మీది తువ్వాలు తీశాడు. మడతపెట్టాడు. నానమ్మ పెట్టే మడత రాలేదు. అలాగే బీరువాలో పెట్టాడు.

మర్నాడు పొద్దున వెయ్యలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి మెట్ల మీద అడుగులు, తలుపు మీద చప్పుడు, కత్తెరమ్మ భయం గొంతు.

"అన్నయ్యా! ఉన్నావా?"

ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో జవాబు ఒక్కటే. అది చెప్పే మనిషి లేదు. ఆవిడ మళ్ళీ కొట్టింది, ఇంకా గట్టిగా. తాత గోడతోనే అన్నాడు.

"ఉన్నాను. ఎక్కడికి పోతాను."